పరీక్ష లేని చదువు గుర్తుండేదెలా?

నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఒక రైసు మిల్లులో లెక్కలు చూస్తూ, తీరిక వేళల్లో కేవలం ఆసక్తి కొద్దీ భౌతిక, ఖగోళ శాస్త్రాలు చదువుతున్నాను.

అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదట్లోనూ ఉదయకిరణాలు మూలవిరాట్టును తాకుతాయని మా ప్రాంతంలో అందరికీ తెలిసిందే. ఆ రెండు సమయాలే ఎందుకని వెతికితే, మార్చి విషువత్తుకు (పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజుకు) సుమారు పది రోజుల ముందూ, సెప్టెంబరు విషువత్తుకు సుమారు పది రోజుల తరువాతా సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే రేఖకు) దక్షిణంగా దాదాపు 4 డిగ్రీల దూరంలో ఉంటాడనీ, అందువల్ల రెండుసార్లూ క్షితిజం మీద దాదాపు ఒకే చోట ఉదయిస్తాడనీ అర్థమైంది. చదివిన రోజున అంత స్పష్టంగా తోచిన ఈ తర్కాన్ని, నెల తిరిగాక మా తమ్ముడి కూతురు అడిగితే చెప్పబోగా, 4 అనే అంకె తప్ప కారణం గుర్తుకు రాలేదు.

జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ జ్ఞాపకశక్తిపై చేసి 1885లో ప్రచురించిన ప్రయోగాలను చూపి, విరామం పెంచుకుంటూ పునశ్చరణ చేయమని చాలామంది చెబుతారు. అయితే ఆయన కంఠస్థం చేసినవి అర్థంలేని అక్షరాల గుంపులు. ఆ పద్ధతి కార్యకారణ సంబంధాలకు ఎంతవరకు పనికొస్తుందన్నదే నా సందేహం. కార్డుల మీద సూత్రాలు రాసుకోవడం మళ్లీ బట్టీయమే అవుతుందేమో (దాని పీడ పదో తరగతితోనే వదిలిందనుకున్నాను).

ఉద్యోగం చేసుకుంటూ సైన్సు చదువుతున్నవారు పుస్తకం మూసి సొంత మాటల్లో రాసుకుంటారా, లేక లెక్కలు సాధిస్తారా? ముఖ్యంగా, పాత అధ్యాయాలను తిరగేయడానికీ కొత్తవి చదవడానికీ ఉన్న కాస్త సమయాన్ని ఎలా పంచుకుంటున్నారో దయచేసి తెలియజేయగలరు.