దేశ రాజకీయాల మీద నమ్మకం పోయింది, విశ్వాసులు ఎలా తట్టుకుంటున్నారు?

కొర్లగుంట కుర్రోడు, తిరుపతి:

అందరికీ వందనాలు. ఏ పార్టీనో తిట్టడానికి ఇది పెట్టలేదు, దయచేసి అటు లాగొద్దు. 2014 ఫిబ్రవరిలో సాక్షాత్తూ ప్రధానే రాజ్యసభలో ఐదేళ్ళు ప్రత్యేక హోదా అని చెప్పినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. ఆ తర్వాత ఢిల్లీలో ప్రభుత్వం మారింది, ఇక్కడా మారింది, మళ్ళీ మారింది, హోదా మాత్రం రాలేదు. 2023 మేలో మణిపూర్ అంటుకుంది. ఇళ్ళు, చర్చిలు తగలబడి జనం నెలల తరబడి క్యాంపుల్లో ఉంటే పార్లమెంటులో ఒకరి మీద ఒకరు అరుచుకోవడమే చూశాం. 2024లో సుప్రీంకోర్టు ఎలక్టోరల్ బాండ్లు (ఇచ్చినవాళ్ళ పేరు బయటికి రాకుండా పార్టీలకి విరాళాలిచ్చే పద్ధతి) కొట్టేశాక లెక్కలు బయటికొస్తే, అటు ఇటు పెద్ద పార్టీలు దాదాపు అన్నీ అందులో ఉన్నాయి.

నాకిప్పుడు వార్తలు పెట్టాలంటేనే టెన్షన్. మందిరంలో పెద్దోళ్ళని కదిపితే "దేవుడే చూసుకుంటాడు, ప్రార్థన చెయ్ నాయనా" అంటారు. చేస్తున్నాను. అయినా అది నిరీక్షణో, చేతులెత్తేయడమో నాకు తెలియట్లేదు. మీలో ఎవరికైనా విశ్వాసం వల్ల నిజంగా ధైర్యం వచ్చిందా? వచ్చుంటే ఎలా వచ్చిందో చెప్పండి, వాక్యం ఒక్కటే పెట్టి వెళ్ళిపోకుండా.

చిత్తూరు టీచరక్క:

తమ్ముడూ, వాక్యం పెట్టకుండా నా వల్ల కాదు, కానీ వెళ్ళిపోనులే.

బైబిల్లో హబక్కూకు ప్రవక్త పుస్తకం చదివావా? మూడే అధ్యాయాలు, టీ తాగేలోపు అయిపోతుంది. మొదటి అధ్యాయంలోనే ప్రవక్త దేవుడితో పోట్లాటకు దిగుతాడు. ఎంతకాలం మొరపెట్టాలి, నువ్వు వినవేం, చట్టం పనిచేయట్లేదు, న్యాయం తలకిందులైంది అని. దేవుడు ఆయన్ని కోప్పడలేదు. అలాగని "త్వరలో మంచి రాజు వస్తాడు" అనీ చెప్పలేదు, బబులోను వాళ్ళు వస్తున్నారని చెప్పాడు, అంటే ఉన్నదానికన్నా ఘోరం. అది విన్నాక కూడా ఆ మనిషి మూడో అధ్యాయంలో, చెట్లు కాయకపోయినా, కొట్టంలో పశువులు లేకపోయినా నేను దేవుడిలో ఆనందిస్తాను అంటాడు. పరిస్థితి బాగుపడ్డాక అన్న మాట కాదది. నాకు ధైర్యం వచ్చింది అక్కడే. నా నిరీక్షణ ఎన్నికల ఫలితాలకి కట్టేసి లేదని తెలిశాక ఆ ఫలితాలు చూసే ఓపిక వచ్చింది.

ఇంకో మాట. మన సంఘాల్లో స్తుతి పాటలు దండిగా పాడతాం, దేవుడి దగ్గర గట్టిగా ఏడవడం మాత్రం ఎవరూ నేర్పరు. కీర్తన 13 నాలుగుసార్లు "ఎంతకాలం" అని అడుగుతుంది. నువ్వు కూడా అడుగు. ఆ బాధని అవిశ్వాసం అనుకోకు.

గుడిపాల రైతు:

నాయనా, నేను చదువుకున్నవాణ్ణి కాను, జరిగింది చెప్తా. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయింది చూడు, ఫ్యాక్టరీ కిలోకి ఎనిమిది, ప్రభుత్వం నాలుగు, మొత్తం పన్నెండు అని ప్రకటించారు. కాయ తీసుకుని పోతే ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల బారు. టోకెన్ పట్టుకుని రాత్రంతా అక్కడే. ఎండకి అడుగునున్న కాయ మెత్తబడి ట్రాలీ సందుల్లోంచి రసం కారతా ఉంటే, ఈగలు ముసురుతా ఉంటే, వచ్చిన నాయకులు ఫోటోలు దిగి పోయినారు. ఆ పూట నాకు ఎవరి మీదా నమ్మకం లేదు, నిజం చెప్పాలంటే ప్రార్థన కూడా నోటికి రాలేదు.

ఆదివారం ఆరాధన అయినాక మా సంఘం పిల్లోళ్ళు డబ్బాల్లో పులిహోర, మజ్జిగ తెచ్చి బారులో ఉన్నోళ్ళందరికీ పెట్టినారు. ఎవరి కులం, ఎవరి మతం అని అడగలేదు. నా పక్క ట్రాక్టరాయన కొండకి నడిచిపోయే భక్తుడు, ఇద్దరం ఒకే ఆకులో తిన్నాం. ధర పైసా పెరగలేదు. కానీ ఇంటికొచ్చి మోకాళ్ళూనగలిగినా. ఆ ఏడు కోత పండుగకి కూడా ఒక గంప కాయ తీసుకుపోయి పెట్టినా, వేలంలో మా టీచరు సార్ మార్కెట్ కంటే ఎన్నో రెట్లు పెట్టి పాడుకున్నాడు.

మదనపల్లె నర్సు:

పెద్దాయన చెప్పింది చదివితే కళ్ళు చెమర్చాయి. కానీ పులిహోర దగ్గరే ఆగిపోతే ఫ్యాక్టరీ వాళ్ళకీ నాయకులకీ హాయి, అది కూడా చెప్పాలి. బబులోనుకి చెరపట్టి తీసుకుపోయిన యూదులకి యిర్మీయా ప్రవక్త 29వ అధ్యాయంలో ఏం రాశాడు? ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోరండి అని. శత్రువు పట్టణం అది! నచ్చని పాలనలో ఉన్నా పని మానేయమనలేదు.

మా ఊరి దగ్గర ఆరోగ్యవరం ఉంది కదా. క్షయ అంటే ఇంట్లోంచి వెలేసే కాలంలో, 1915లో, వేరువేరు మిషన్లు కలిసి అక్కడ శానిటోరియం తెరిచాయి. దేశం చేతులు మారుతున్నా ఆ పని నడిచింది, 1948లో మన దేశంలో క్షయకి వేసే బీసీజీ టీకాలు మొదలైంది మదనపల్లెలోనే. ఇంకొకటి, పంజాబులో జనం ఒకర్నొకరు నరుక్కుంటున్న రోజుల్లోనే, 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడింది, అంతకుముందు విడివిడిగా ఉన్న సంఘాలు ఒకటయ్యాయి. వాళ్ళకి మనకన్నా మంచి వార్తలేమీ లేవు బ్రదర్.

కాబట్టి ఓటు మానొద్దు. ప్రార్థన చేసినవాడే ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు కూడా పెట్టాలి, అధికారుల్ని నిలదీయాలి.

కొర్లగుంట కుర్రోడు, తిరుపతి:

అక్కా, హబక్కూకు మొత్తం ఇప్పుడే చదివాను. అంత సూటిగా దేవుణ్ణి అడగొచ్చని నాకెవరూ చెప్పలేదు. అన్నా, ఆ ట్రాలీ సంగతి మా అమ్మకి చదివి వినిపించా, మీ పేరు తెలియకపోయినా మీ కోసం ప్రార్థన చేస్తానంది.

సిస్టర్, ఓటు మాటకి ఇంకా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు, అబద్ధం చెప్పను. కానీ మా యూత్‌లో కొత్తగా పద్దెనిమిది నిండినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఎవరూ ఓటరుగా నమోదవడానికి ఫారం 6 పెట్టలేదు. ఇప్పుడు పద్దెనిమిది నిండాయా అని చూడటానికి ఏడాదికి నాలుగు తేదీలు లెక్కలోకి తీసుకుంటారు కదా, జనవరి దాకా ఆగక్కర్లేదు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చోబెట్టి పెట్టిస్తాను. ఆధార్, వయసు రుజువు కాక ఇంకేమైనా తెచ్చుకోమని చెప్పాలా?