‘పాయింటింగ్ ఎర్రర్’ని ‘సూచన దోషం’ అనొచ్చా?

పిల్లల కోసం ఒక సైన్సు వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా దగ్గర మౌంట్ స్ట్రోమ్లో కొండ మీంచి లేజర్ కొట్టి అంతరిక్ష చెత్త ఎంత దూరంలో ఉందో కొలుస్తారు కదా, దాని గురించి. ‘సూచన దోషం’ అని రాస్తే మా అమ్మాయి “ఎవరు ఏం సూచించారు నాన్నా?” అంది. ‘గురి తప్పడం’ అంటే సరిపోతుందా?

జవాబు: మీ అమ్మాయి సరిగ్గా అడిగిందండీ. ‘గురి’ మంచి మాట. కానీ తప్పడం ఫలితం, మీకు కావలసింది కారణం. లేజర్‌ను గురిపెట్టే టెలిస్కోపు తన బరువుకే కాస్త వంగుతుంది, ఇరుసు కాస్త ఒరుగుతుంది. చోటు ముందే తెలిసిన నక్షత్రాలను చూసి, ఎటు తిప్పితే ఎంత తేడా వస్తుందో లెక్కగట్టి, పట్టిక వేసుకుని తీసేస్తారు. తక్కెడలో పాసంగం లాంటిదే. ‘గురి తేడా’ అనండి.

గాలి సంగతి వేరు. నక్షత్రాలు మిణుకుమనేది దానివల్లే. క్షణానికోలా మారుతుంది కాబట్టి పట్టిక పనికిరాదు, సెకనుకు వందలసార్లు ఆకారం మార్చుకునే అద్దం కావాలి. ‘వాతావరణ దోషం’ అంటే ఆ రోజు మబ్బేసిందేమో అనుకుంటారు. నేనైతే ‘గాలి వణుకు’ అంటాను.

ఇంకొకరు: చెత్త కదులుతుంటుంది కదా, ముందుకు కొట్టాలి. అదీ దోషమేనా మాస్టారూ?

జవాబు: కాదు, అది ‘ముందు గురి’. ఎగిరే పిట్టను వడిసెలతో కొట్టేవాడికి తెలిసిందే. 800 కి.మీ. దూరంలో సెకనుకు 7.5 కి.మీ. వేగంతో అడ్డంగా పోయే ముక్క, వెలుగు వచ్చి వెళ్లేలోగా 40 మీటర్లు జరుగుతుంది. కోణంలో సుమారు 10 వికళలు. అసలు చిక్కు ఇక్కడే. ముక్క నుంచి వచ్చే వెలుగును చూసి గాలి వణుకు కొలిస్తే, అది వెనకటి దారిలోని గాలి. లేజర్ పోయే దారిలో గాలి వేరు. అందుకని ఆ ముందు చోటే, 90 కి.మీ. ఎత్తున ఉన్న సోడియం పొరను ఇంకో లేజర్‌తో వెలిగించి, ఆ ఉత్తుత్తి నక్షత్రాన్ని చూసి అద్దాన్ని సరిచేస్తారు. మత్స్యయంత్రం కొట్టినవాడు కిందికి చూసి పైకి కొట్టాడంటారు, వీళ్లదీ అదే తంటా.

అడిగినవారు: మూడు మాటలూ తీసుకుంటున్నానండీ. ‘వికళ’ పక్కన మాత్రం ‘డిగ్రీలో 3600వ వంతు’ అని రాస్తాను. లేకపోతే మనసు వికలమైందనుకుంటుంది మా అమ్మాయి.