ఆర్‌లో వేరియబుల్ లేబుళ్లు ఎగిరిపోతున్నాయి, మళ్లీ ఎలా పెట్టాలి?

అనంతపురం జిల్లా వేరుశనగ రైతుల సర్వే డేటాను ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో సిద్ధం చేస్తున్నాను. కాలమ్ పేర్లు ఏ1, బి3 లాంటివి. నివేదిక చదివే ఊరివాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ‘ఖరీఫ్‌లో వేరుశనగ వేసిన ఎకరాలు’, ‘బోరు లోతు, అడుగుల్లో’ అని ఒక్కో కాలమ్‌కు తెలుగు లేబుళ్లు, అంటే వివరణలు, రాశాను. ఇది నాకు చాలా ముఖ్యం.

ఎక్సెల్ కోడ్‌బుక్‌లోని (ఏ కాలమ్‌కు ఏ లేబుల్ అని రాసుకున్న పట్టిక) జాబితాను లేబెల్డ్ ప్యాకేజీలోని వార్_లేబెల్ (var_label) ఫంక్షన్‌కు ఇస్తే మొదట్లో బాగానే అతుక్కున్నాయి, వ్యూ విండోలో పేర్ల కింద కనిపించాయి. మామూలు డేటాఫ్రేమ్‌లో (ఆర్‌లోని డేటా పట్టిక) చదరపు బ్రాకెట్లతో బోరున్న రైతుల వరుసలు మాత్రమే తీసుకోగానే అంకెల కాలమ్‌ల లేబుళ్లు పోయాయి. ఇఫ్ఎల్స్ (ifelse) ఫంక్షన్‌తో 99 కోడ్‌ను ఎన్ఏగా (విలువ లేదనే గుర్తు) మార్చిన చోటా అంతే. హెచ్‌మిస్క్ (Hmisc) అనే మరో ప్యాకేజీలోని లేబుల్ ఫంక్షన్ వాడి చూశాను. వరుసలు తీసినప్పుడు నిలిచింది కానీ ఇఫ్ఎల్స్ దగ్గర మళ్లీ పోయింది.

సరే, పనంతా అయ్యాక చివర్లో ఒకేసారి పెడదామంటే, మధ్యలో తీసేసిన కాలమ్‌లు కోడ్‌బుక్‌లో ఇంకా ఉన్నందున వార్_లేబెల్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. రబీ సర్వేకూ ఇదే కోడ్‌బుక్, అందులోంచి వరుసలు కొట్టేయలేను.

డేటాలో ఉన్న కాలమ్‌లకు మాత్రమే పేరును బట్టి లేబుల్ పెట్టి, లేనివాటిని వదిలేసేలా వార్_లేబెల్‌కు చెప్పే మార్గం ఏమిటి?