240 అక్షరాల కార్డులు: పిల్లలే 5 నిమిషాల్లో సర్దేదెలా?

ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో. 22 మంది, నాలుగు గుంపులు. పాత పెళ్లికార్డుల అట్టను 4×3 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, 30 అక్షరాలు ఒక్కోటి 8 చొప్పున రాసి, పైన వెడల్పు టేపు అంటించాను. పలక, వల, గడప లాంటి సరళ పదాలు పేర్చడం వరకు బాగానే సాగుతుంది. తిరిగి సర్దడమే తలనొప్పి: 40 నిమిషాల పీరియడ్‌లో 15 దానికే సరి.

మొదట 30 అగ్గిపెట్టెలు అంటించి సొరుగులు చేశాను. పిల్లలు లాగే లాగుడుకి వారంలో ఊడాయి. తర్వాత 30 గుంటల కోడిగుడ్ల అట్ట. గుంట అడుగున అక్షరం రాశాను. ఇది నయమే. కానీ రెండు కార్డులు పడగానే అడుగున రాసింది మూసుకుపోతుంది, ఇక వ గుంటలో ప, ప గుంటలో ష! అంచున రాద్దామంటే చోటు చాలదు. పైగా ఒకే అట్ట మీద అందరూ మూగుతారు.

గుంపుకో అట్ట ఇచ్చాక తోపులాట తగ్గింది, కార్డులు మాత్రం గుంపులు మారుతున్నాయి. వెనక రంగు చుక్కలు పెట్టాను: ఏ గుంపుదో తెలుస్తోంది, ఏ గుంటదో తెలియదు కదా. జిప్ కవర్లు చెప్పకండి, ఆరేళ్ల వేళ్లకి అవి మూతపడవు.

కార్డులు నిండాక కూడా గుంట అక్షరం కనబడేలా, మొత్తం 100 రూపాయల్లోపు, ఈ అట్టలకి ఏ మార్పు చేయొచ్చు?