పిల్లల ఐస్ హాకీ జట్టుకు అసిస్టెంట్ కోచ్‌గా ఒప్పుకునే ముందు తెలుసుకోవలసినవి ఏమిటి?

ప్రశ్న: ఫ్రిస్కో నుండి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా ఐస్ హాకీ ఆడుతున్నాడు, ఈ సీజన్ నుండి పదేళ్లలోపు పిల్లల జట్టులో చేరాడు. ప్రతి ప్రాక్టీసుకూ నేనే తీసుకువెళ్లి, అయిపోయేదాకా రింకు చుట్టూ ఉండే గాజు అద్దం వెనుక నిలబడి చూడటం గమనించిన హెడ్ కోచ్ గారు పోయిన వారం నన్ను పక్కకు పిలిచి, అసిస్టెంట్ కోచ్‌గా సాయం చేయగలరా అని అడిగారు. నేను గుంటూరులో క్రికెట్ ఆడుతూ పెరిగినవాణ్ణి. మంచు మీద నిలబడటం నేర్చుకున్నదే ముప్పై ఐదేళ్లు దాటాక, వెనక్కి స్కేటింగ్ చేయడం ఇప్పటికీ సరిగా రాదు. ఆట ఇంత తక్కువగా తెలిసినవాడు ఈ బాధ్యత తీసుకోవచ్చునా, తీసుకుంటే నియమాల ప్రకారం ఏయే విషయాలకు నేను జవాబుదారీ అవుతాను అన్నది నా ప్రధాన సందేహం.

మరొకటి చిన్నదే గాని మనసును తొలుస్తోంది. మా వీధిలోని మరో తెలుగు కుటుంబం వారి అబ్బాయిని శనివారం ఉదయం ఆరు గంటల ప్రాక్టీసుకు ఇన్నాళ్లూ మా కారులోనే తీసుకువెళ్తున్నాను. కోచ్‌నైన తరువాత అది కొనసాగించవచ్చునా?

సమాధానం 1: మిన్నెసోటాలో పన్నెండేళ్లలోపు జట్టు కోచ్

తప్పకుండా ఒప్పుకోండి. ఆ వయసు పిల్లల ప్రాక్టీసులో కోన్లు సర్దడం, పక్‌లు (కర్రతో కొట్టే గుండ్రటి రబ్బరు బిళ్లలు) అందించడం, పడిన పిల్లవాణ్ణి లేపి మళ్లీ వరుసలో నిలబెట్టడం వంటి పనులే సగానికి పైగా ఉంటాయి. అయితే కాగితాల పని పూర్తికాకముందే మంచు మీదకు దిగవద్దు. మీ జట్టు అమెరికాలో ఈ ఆటను నడిపే జాతీయ సంస్థ యూఎస్ఏ హాకీ కింద నమోదైనదైతే ముందుగా మీరు కోచ్‌గా సభ్యత్వం తీసుకోవాలి. నేర చరిత్ర తనిఖీకి అంగీకరించాలి, ఇది రెండేళ్లకొకసారి మళ్లీ జరుగుతుంది. ఆటల్లో పిల్లలపై వేధింపులను నివారించే సేఫ్‌స్పోర్ట్ శిక్షణను ఏటా పూర్తి చేయాలి. మొదటి స్థాయి కోచింగ్ శిక్షణతో పాటు మీరు నేర్పబోయే వయసు పిల్లలకు సంబంధించిన ఆన్‌లైన్ పాఠం కూడా ఉంటుంది, దానిని మొక్కుబడిగా దాటవేయకండి. తొమ్మిదేళ్ల పిల్లవాడు ఒక సూచనను ఎంతసేపు వినగలడు, వరుసలో ఎంతసేపు నిలబడగలడు అన్న సంగతులు నాకు అక్కడే తెలిశాయి.

ఆట నియమాల్లో మీకు వెంటనే అవసరమయ్యేది శరీర తాకిడి గురించినది. ఒంటితో ఢీకొట్టి ఎదుటి ఆటగాణ్ణి పక్ నుండి తప్పించడాన్ని బాడీ చెకింగ్ అంటారు. పన్నెండేళ్లలోపు వర్గంలో దీనిని 2011లో నిషేధించారు, కాబట్టి బాలుర ఆటలో ఇప్పుడు అది పద్నాలుగేళ్లలోపు వర్గం నుండే మొదలవుతుంది. మీ జట్టులో నేర్పవలసినది పక్ కోసం పోటీపడేటప్పుడు భుజానికి భుజం తగిలినా పడిపోకుండా నిలదొక్కుకోవడం, బోర్డుల (రింకు చుట్టూ ఉండే గోడల) దగ్గర తల ఎత్తి ఆడటం. ఎదుటివాడు బోర్డు వైపు తిరిగి ఉన్నప్పుడు వెనుక నుండి నెట్టకూడదన్న మాటను ప్రతి ప్రాక్టీసులోనూ చెప్పవలసి వస్తుంది, విసుగు పడకుండా చెప్పండి.

హెల్మెట్ కొనుక్కోండి. మంచు మీద ప్రాక్టీసు చేయించే కోచ్‌లకు కూడా అది తప్పనిసరి. గడ్డం కింద పట్టీ బిగించి ఉండాలి. మీ పట్టీ వదులుగా వేలాడుతుంటే పిల్లలకు బిగించుకోమని ఏ ముఖంతో చెబుతారు?

సమాధానం 2: న్యూజెర్సీ నుండి ఒక టీమ్ మేనేజర్, ఇద్దరు ఆటగాళ్ల తల్లి

కారు గురించి మీరు అడగడం మంచిదయింది. కోచ్ అయినవారు తమకు బంధుత్వం లేని పిల్లవాణ్ణి ఒంటరిగా కారులో తీసుకువెళ్లకూడదన్నది సేఫ్‌స్పోర్ట్ నియమాల్లో ముఖ్యమైనది. మీ అబ్బాయి కూడా వెంట ఉన్న శనివారాల్లో చిక్కు లేదు. అయితే ఒక రోజు మీ వాడికి జ్వరం వచ్చి ఇంట్లో ఉండిపోతే, పక్కింటి బాబు ఒక్కడే మీ కారెక్కుతాడు. అటువంటి రోజు కోసమే ఆ తల్లిదండ్రుల నుండి లిఖితపూర్వక అనుమతి ముందుగా తీసుకుని, ఏటా కొత్తది రాయించుకోండి. ఎన్నేళ్ల స్నేహమైనా సరే, మొహమాటపడకుండా అడగండి.

సందేశాలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. పిల్లవాడికి నేరుగా, వాడొక్కడికే సందేశం పంపకూడదు, అందులో తల్లినో తండ్రినో తప్పక చేర్చాలి. ఎవరితోనైనా విడిగా మాట్లాడవలసి వస్తే, ఇతరులు చూడగలిగే చోట, ఎవరైనా మధ్యలో రాగలిగే చోట మాట్లాడండి. లాకర్ రూమ్‌లో పిల్లలున్నంతసేపూ తనిఖీ పూర్తయిన పెద్దవారు కనిపెట్టుకుని ఉండాలి, లోపల ఫోన్ బయటికి తీయకూడదు. మా జట్టులో తలుపు పక్కనే ఒక ప్లాస్టిక్ బుట్ట పెట్టాము. పిల్లలు బ్యాగు దించకముందే ఫోన్ అందులో వేస్తారు, కోచ్ గారు కూడా వేస్తారు.

ఏ పిల్లవాడి మీదనైనా అఘాయిత్యం జరుగుతున్నదన్న అనుమానం కలిగితే, దానిని క్లబ్బు పెద్దలకు చెప్పి ఊరుకోవడం సరిపోదు. 2018లో అమలులోకి వచ్చిన సమాఖ్య చట్టం ప్రకారం, కోచ్ 24 గంటలలోపు స్వయంగా అధికారులకు తెలియజేయాలి. రుజువులు వెదకడం మీ పని కాదు, అనుమానానికి కారణం ఉంటే చాలు. నేను మేనేజరునయ్యాక చదివిన నియమాలన్నింటిలోనూ నా మనసు మీద బలంగా నిలిచినది ఇదే.

సమాధానం 3: ఒకప్పుడు అసిస్టెంట్ కోచ్‌గా పనిచేసిన తండ్రి

పై ఇద్దరూ చెప్పినదానికి ఒకే విషయం చేర్చదలిచాను, ఎందుకంటే అందులో నేను తప్పు చేశాను. కొన్నేళ్ల క్రితం ఒక ఆట రెండో పీరియడ్‌లో మా జట్టు బాబు బోర్డుకు తల తగిలి పడ్డాడు. లేచి, తనంతట తానే బెంచికి వచ్చి, బాగానే ఉన్నానన్నాడు. నేను వాణ్ణి మళ్లీ పంపాను. తిరిగి వచ్చి కూర్చున్నాక, పైన దీపాల వెలుగు పడలేనట్టు కళ్లు చిట్లించడం చూసి, మనం ఎవరితో ఆడుతున్నామని అడిగాను. వాడు అంతకుముందు వారం ఆడిన జట్టు పేరు చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు నా కాళ్లలో పుట్టిన వణుకు ఇప్పటికీ గుర్తుంది. ఆ బాబు కొన్ని వారాలకు కోలుకున్నాడు, అది మా అదృష్టం.

నియమం స్పష్టంగా ఉంది. మెదడుకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, పిల్లవాణ్ణి వెంటనే ఆట నుండి తప్పించాలి, ఆ రోజు తిరిగి ఆడనివ్వకూడదు, అర్హత కలిగిన వైద్యుడు రాసి ఇచ్చిన తరువాతే అంచెలంచెలుగా ఆటలోకి రానివ్వాలి. అమెరికాలో ఇటువంటి చట్టం మొదట 2009లో వాషింగ్టన్ రాష్ట్రంలో వచ్చింది. పదమూడేళ్ల జాకరీ లిస్టెట్ తలకు దెబ్బ తగిలాక మళ్లీ అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలోకి దిగి, తీవ్రమైన మెదడు గాయానికి లోనయ్యాడు, ఆ చట్టానికి అతని పేరే పెట్టారు. పిల్లవాడు ఏడ్చినా, తండ్రి అద్దం బాదినా, స్కోరు సమంగా ఉన్నా, వాడు మళ్లీ మంచు మీదకు వెళ్లేలా మీరు బెంచి గేటు తీయకండి.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మూడవ సమాధానాన్ని మా శ్రీమతికి చదివి వినిపించాను. ఒప్పుకోవాలనే నిశ్చయించుకుని, నేర చరిత్ర తనిఖీకి వివరాలు పంపాను. పక్కింటివారితో కూడా మాట్లాడాను, అనుమతి పత్రం ఈ వారమే రాసి ఇస్తామన్నారు. ఒక్క సందేహం మిగిలింది. మా అబ్బాయి కూడా అదే జట్టులో ఉన్నాడు కనుక, ఎవరిని ఎంతసేపు ఆడించాలన్న విషయంలో ఇతర తల్లిదండ్రులకు నా మీద అనుమానం రాకుండా ఏం చేయాలి?

సమాధానం: మిన్నెసోటా కోచ్

ఆడే సమయం గురించిన నియమం లీగును బట్టి మారుతుంది, మీ లీగు నిబంధనలు తెప్పించుకుని సీజన్ మొదటి సమావేశంలోనే అందరి ఎదుటా చదవండి. నా అనుభవంలో పనికొచ్చిన ఉపాయం బెంచి తలుపు మీరు చూసుకోవడం, అంటే ఆటగాళ్ల వరుసలను హెడ్ కోచ్ ముందే కాగితం మీద రాసి ఇస్తే, ఆ వరుస ప్రకారం మీరు గేటు తెరుస్తూ ఉండటం. మీ వాడి వంతు కూడా ఆ కాగితంలో ఉన్నట్టే వస్తుంది. రిఫరీ నిర్ణయం మీ వాడికి వ్యతిరేకంగా వచ్చినప్పుడు మాత్రం ఎక్కువ జాగ్రత్తగా ఉండండి. రిఫరీతో బహిరంగంగా వాదించే కోచ్‌కు శిక్ష పడుతుంది, ఆట నుండి పంపివేస్తే తరువాతి ఆటకు కూడా రాకూడదు. ప్రేక్షకుల్లో ఎవరైనా తల్లిదండ్రులు హద్దు మీరితే, రిఫరీ ఆట ఆపి, వారిని బయటకు పంపే పని మీ కోచ్‌లకే అప్పగిస్తారు. కాబట్టి ఆ తల్లిదండ్రులతో ఇప్పటినుండే పరిచయం పెంచుకోండి, ప్రాక్టీసుకు పది నిమిషాలు ముందు వెళితే చాలు.