మిల్లీలీటర్లను ఇంట్లో చెంచాలతో కొలవడం ఎలా?

నమస్కారం. ఆదివారం అమ్మ పుట్టినరోజు. గుడ్డు లేని కేకు నా చేత్తో చేసి పెట్టాలని ఉంది. నా దగ్గరున్న కొలతలన్నీ మిల్లీలీటర్లలోనే ఉన్నాయి: పాలు 180, నూనె 60, నిమ్మరసం 15, వెనిల్లా ఎసెన్స్ 5. ఇంట్లో ఉన్నవి మాత్రం మామూలు స్టీలు చెంచాలు.

టీస్పూను 5, టేబుల్‌స్పూను 15 మిల్లీలీటర్లని తెలుసు. ఆ లెక్కన నూనె 4 టేబుల్‌స్పూన్లు, పాలు 12. కానీ మా చెంచాలు ఆ కొలతకు రావడం లేదు. దగ్గుమందు సీసా మూతను బాగా కడిగి, చిన్న చెంచాతో నీళ్లు పోసి చూశాను. 10 మిల్లీలీటర్ల గీత అందడానికి మూడు చెంచాలు పట్టాయి! పైగా నీళ్లు అంచు దాటి ఉబ్బెత్తుగా నిలుస్తున్నాయి. అలా నిండుగా తీసుకోవాలా, అంచుకు సమంగానా?

మెల్‌బోర్న్‌లో ఉన్న అక్క అక్కడ టేబుల్‌స్పూను అంటే 20 అంటోంది. దాంతో ఇంకా అయోమయంలో పడ్డాను. నిమ్మరసం విషయంలోనే నా భయమంతా. వంటసోడాతో కలిసి కేకును పొంగించేది అదే కదా.

ఆ మూతతోనే అన్నీ కొలిచేయవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.