సమస్యాపూరణం: మిద్దె పైకేగె దీపము మేను వంచ

నిర్వాహకుడు (నెల్లూరు):
ఈ వారపు సమస్య తేటగీతి అనే పద్య ఛందస్సులోని పాదం. దీన్ని చివరి పాదంగా ఉంచి పై మూడు పాదాలను పూరించాలి.

మిద్దె పైకేగె దీపము మేను వంచ

నివాసపు గదికి కనీసం 2.75 మీటర్లు, అంటే సుమారు 9 అడుగుల ఎత్తు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతున్నది. మన పాత దూలాల మిద్దెలలో చాలావాటికి అంత ఎత్తు లేదు. మూలాపేటలోని మా పాత ఇంట్లో చెయ్యెత్తితే దూలం తగులుతుంది. అటువంటి గదికి తగిన దీపాన్ని ఎంచుకొనే తీరు పద్యంలో కనిపించాలని కోరుతున్నాను.

కావలి సభ్యురాలు:

వ్రేలు దీపము తలఁ దాఁకు వెతలు దీర
మూల నిలిపిన దివ్వె తా మోము నెత్తి
సున్న మలఁదిన కప్పుపై సొబగుఁ బఱప
మిద్దె పైకేగె దీపము మేను వంచ

నిర్వాహకుడు:
విషయాన్ని సరిగా పట్టుకున్నారు. గది నడుమ వేలాడే దీపం కప్పును చీకటిలో వదలి నేలను వెలిగిస్తుంది కనుక, కప్పు మరింత కిందికి వచ్చినట్లు అనిపిస్తుంది. అదే వెలుగును మూలనుండి పైకి పంపితే, తెల్లని సున్నపు కప్పు దానిలో ఎక్కువ భాగాన్ని తిరిగి గదంతా పరుస్తుంది. అయితే దీపము, దివ్వె, మళ్ళీ దీపము అనడం పునరుక్తి. రెండవ పాదంలో "నిలిపిన నాఁడు తా" అని మార్చితే గణాలూ నిలుస్తాయి, దోషమూ తొలగుతుంది. మోము ఎత్తిన దీపమే మేను ఎలా వంచిందన్న సందేహం మాత్రం నాకు మిగిలింది.

కావలి సభ్యురాలు:
సవరణను సంతోషంగా స్వీకరిస్తున్నాను. మా దీపానికి వంగే మెడ ఉన్నది. కాడను వెనక్కి వంచితేనే దాని మోము కప్పువైపు తిరుగుతుంది.

నిర్వాహకుడు:
సందేహం తీరింది. ఆ మెడ పద్యంలో కూడా కనిపించి ఉంటే ఇంకా బాగుండేది.

ఒంగోలు సభ్యుడు:

పంక పైనున్న వెలుగుతోఁ బరుగు లెత్తు
నీడ లాపంగ గోడపై నిలిపినాఁడ
చిప్ప దొన్నెగా వెలుఁగులఁ జిమ్మఁ బైకి
మిద్దె పైకేగె దీపము మేను వంచ

నిర్వాహకుడు:
మన ఎండలకు ఫ్యాను లేని గది ఉండదు. కప్పు తక్కువైన చోట రెక్కలకు పైన దీపం పెడితే, తిరిగే రెక్కలు వెలుగును కోస్తూ గోడలమీద నీడలను పరుగెత్తిస్తాయి. ఇది అనుభవించినవారే వ్రాయగల పద్యం. కాని "పంక" అంటే బురద. "ఫ్యాను పైనున్న" అనండి, యతికి భంగం రాదు. వాడుకలో స్థిరపడిన మాటను పద్యంలోకి తీసుకోవడానికి సంకోచం అక్కరలేదు.

ఒంగోలు సభ్యుడు:
ఒప్పుకుంటున్నాను. ఆ చిప్ప నిజంగా కొబ్బరి చిప్పే. గరుకు కాగితంతో పీచు పోయేదాకా రుద్ది, 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు కింద అమర్చాను. పాత ఫిలమెంటు బల్బు వేడికి మొదటి చిప్ప అంచు నల్లబడింది.

చీమకుర్తి సభ్యుడు:

నల్ల రాతిపై దీపాలు నాట్యమాడ
కనులు చెదరంగ గోడకుఁ గదలఁ జేయ
వెల్ల గోడల వెలుఁగంత వెల్లివిరియ
మిద్దె పైకేగె దీపము మేను వంచ

నిర్వాహకుడు:
మూడవ పాదాన్ని నేను నాలుగుసార్లు చదువుకున్నాను. నునుపు పట్టిన నల్ల గ్రానైటు నేలలో కప్పు దీపాలు చుక్కలుగా ప్రతిఫలించి కళ్ళను ఎలా గుచ్చుతాయో గ్రానైటు గనులున్న మీ ఊరివారికి ఒకరు చెప్పనక్కరలేదు. వరుసగా "ఆడ, చెదరంగ, చేయ, విరియ" అని సాగినా, ఒక్కొక్క పని తరువాతి పనికి కారణమవుతున్నది కనుక విసుగు కలగలేదు.

కావలి సభ్యురాలు:
ఫాల్స్ సీలింగు వేయించి దీపాలను అందులో దాచమని మావారు అంటున్నారు.

నిర్వాహకుడు:
వద్దమ్మా. ఉన్న ఎత్తులో నాలుగైదు అంగుళాలు అదే తినేస్తుంది. బల్బు మాత్రం 3000 కెల్విన్ల (వెలుగు రంగును తెలిపే కొలత) పసుపు వెలుగుది తీసుకోండి. 6500 కెల్విన్ల వెలుగులో మీ సున్నపు గోడ నీలి ఛాయతో చలిగా కనిపిస్తుంది.